కార్బొరేటర్ మారినా బుల్లెట్ బుల్లెట్టే

పాత బుల్లెట్‌కో జావాకో ఏ కార్బొరేటర్ వేయాలని అడిగితే, ఫ్యాక్టరీలో వచ్చిందే వేయాలి, లేకపోతే బండి విలువ పోతుందని చాలామంది అంటారు. ఆ మాటలో బండి మీద ప్రేమ ఉంది, చరిత్ర మాత్రం లేదు. ఇంజిన్‌కు సరిపోయి, దగ్గరి ఊళ్లో బాగుచేయించుకోగలిగిందే సరైన కార్బొరేటర్. ఈ బండ్ల కథే అందుకు సాక్ష్యం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టేనాటికి ఇంగ్లండ్ బుల్లెట్‌కు అమల్ మోనోబ్లాక్ కార్బొరేటర్ ఉండేది. ఆ అమల్ కంపెనీ కూడా 1927లో మూడు కంపెనీలు కలిస్తే ఏర్పడిందే. 1960 నుంచి మైసూరులో తయారైన జావాకు చెక్ దేశపు జికోవ్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎన్‌ఫీల్డ్ మూతపడ్డా మద్రాసులో బుల్లెట్ ఆగలేదు. తర్వాతి కాలంలో జపాన్ మికుని పరిజ్ఞానంతో యుకాల్ ఇక్కడే తయారుచేసిన మిక్‌కార్బ్‌ను కంపెనీయే ఆ బండికి బిగించింది. తయారుచేసినవాళ్లే మార్చినదాన్ని యజమాని మార్చితే తప్పెలా అవుతుంది?

దగ్గర్లో బాగుచేయించుకోగలగడం ఎందుకు ముఖ్యమో మూడు ఊళ్లను చూస్తే తెలుస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలోవే. మొదటి రెండు ఊళ్లకు రైలుంది. సింగరేణి బొగ్గు గనులున్న భూపాలపల్లికి ప్యాసింజర్ రైలు లేదు. అక్కడ బండి ఆగితే పని ఆగుతుంది కాబట్టి, కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్ విదేశం నుంచి రావాలని వారాలు ఎదురుచూడటం కుదరదు. ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి 400 మీటర్ల లోపే ఉన్నాయి గనుక ఎత్తును బట్టి జెట్లు మార్చే అవసరం రాదు. ఇక్కడి అసలు శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే అది కార్బొరేటర్‌లో గాలి దారిని తెరిచే స్లైడ్‌ను, దాని గోడను అరగదీస్తుంది. ఆ సందులోంచి గాలి దూరితే ఎన్నిసార్లు స్క్రూ తిప్పినా స్లో స్పీడ్ నిలవదు. అలా అరిగిన మోనోబ్లాక్‌కు పేరుంది కదా అని ఎక్కువ ధర పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

అయితే బండి చరిత్ర చెరిగిపోదా అని అడగొచ్చు. ఇది గట్టి ప్రశ్నే. ఇంజిన్‌కు కొత్త రంధ్రాలు వేయకుండా, దేన్నీ కోయకుండా బిగిస్తే, దాచిన పాతదాన్ని ఎప్పుడైనా తిరిగి పెట్టుకోవచ్చు. మార్చేదేదో పెద్దదే వేద్దాం, జోరు పెరుగుతుందనే వాదనను మాత్రం ఒప్పుకోలేను. మిక్‌కార్బ్ వీఎం24లో 24 అంటే గాలి దారి వెడల్పు, మిల్లీమీటర్లలో. దారి మరీ పెద్దదైతే తక్కువ స్పీడులో గాలి వేగం తగ్గి పెట్రోలు సరిగా పైకి రాదు. 350 బుల్లెట్ నిదానంగా లాగే ఇంజిన్, దాని బలమంతా ఆ తక్కువ స్పీడులోనే ఉంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది కాబట్టి, ఇక ఉన్నవాటిని కాపాడుకోవడం యజమాని వంతు. జెట్లు ఇత్తడివి. మూసుకుపోయాయని ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత పోతుంది, పెట్రోలుతో కడిగి గాలి కొట్టడమే పద్ధతి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది, మిశ్రమాన్ని కాస్త పలుచన చేస్తుంది. ప్లగ్ తెల్లబారుతుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాలి. బండిని వారాల తరబడి నిలిపేటప్పుడు పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపితే ఫ్లోట్ గిన్నె ఖాళీ అవుతుంది, పైలట్ జెట్‌లో జిగురు పేరుకోదు.