కడలి చదువుకు ఎన్ని వాకిళ్లు?



ప్లస్ టూ ముగించి కాలేజీ దరఖాస్తు ముందు పెట్టుకున్న చిరంజీవులారా, ఈ ప్రసంగం మీ కోసం. గంజాం తీరాన ఉన్నా, యానాంలో ఉన్నా మీలో కొందరికి సముద్రాన్ని చదవాలని కోరిక. ఇంట్లో పెద్దలు మాత్రం "సముద్రమంటే వల, పడవ. అందులో చదువేముంది?" అంటారు. ఏ డిగ్రీలో చేరాలో చెప్పేవారు దొరకరు. ఇందుకు సమాధానం మన తీరపు చరిత్రలోనే ఉంది.

1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఆయనతో కలిసి పనిచేసినవారు ఎవరు? భూగర్భ శాస్త్రం నుంచి ఆచార్య మహాదేవన్, జంతు శాస్త్రం నుంచి ఆచార్య గణపతి, ఇంకా వాతావరణ శాస్త్రం చదివినవారు. ఎవరి శాస్త్రంతో వారు కడలిలోకి దిగారు.

నౌకాదళపు ఓడలెక్కి ఏ లోతున నీరు ఎంత వెచ్చగా ఉందో కొలిచారు. కొన్ని నెలల్లో గాలి పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెడుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది. దానితో వచ్చే పోషకాల వల్ల కంటికి కనబడని నాచు పెరుగుతుంది. ఆ నాచే చేపల మేతకు మూలం. ఒక్క చేపల గుంపు వెనుక గాలి లెక్క, నీటి రసాయనం, జీవుల కథ మూడూ ఉన్నాయన్నమాట! విశాఖ తీరానికి ఆవల, సముద్ర గర్భంలో కనుగొన్న లోయలలో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మహాదేవన్ అనీ పేర్లు పెట్టారు.

ఆ తరువాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర సాగింది. దాని ఫలంగా 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వెలసింది. గోవాలో ఉన్న ఆ సంస్థకు విశాఖలోనూ ఒక కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మనకు చేదు పాఠం నేర్పింది. 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రం లేని హైదరాబాదులో ఏర్పడింది. అక్కడ గణితం, కంప్యూటరు తెలిసినవారికీ కడలితోనే పని.

కనుక గణితం ఇష్టమైతే గణితమే, జీవశాస్త్రం ఇష్టమైతే జీవశాస్త్రమే గట్టిగా చదవండి. సముద్ర శాస్త్రాన్ని ఎం.ఎస్సీ.లో అందుకోవచ్చు.

ఈ సెలవుల్లో ఒక నోటు పుస్తకం తీసుకోండి. రేవు దగ్గర ఒడ్డునే నిలబడి, పోటు నిండే వేళను నెల రోజులు రాయండి. రోజురోజుకూ అది ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పున్నమికి ఎంత ఎత్తు వచ్చిందో గుర్తు పెట్టండి. మీ లెక్కను వేటకు వెళ్లే తాతగారికి చూపించండి. ఆయన చెప్పింది కూడా పక్కనే రాయండి. నెల తిరిగాక ఆ పుస్తకం మళ్లీ తెరవాలనిపిస్తే, ఈ చదువు మీదే. పెద్దలకు జవాబు కూడా అందులోనే ఉంటుంది.

సెలవు.