కీర్తికాంక్షకు కొలమానము

తెనాలిలో సత్రము గోడపైనో, గుడి మంటపముననో దాత పేరు చెక్కిన పలక కనిపించినపుడు మనకొక ప్రశ్న తోచును: ఆ ధనము పుణ్యమునకిచ్చినదా, పేరునకా? దాతనే అడిగినచో పుణ్యమునకే యనును.

మనుష్యుని సూటిగా అడుగక అతని కోరికను తెలిసికొను ఉపాయమును 1935లో హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రే ప్రకటించిరి. బొమ్మ చూపి కథ చెప్పుమనుటయే ఆ ఉపాయము. పిమ్మట డేవిడ్ మెక్లెలండ్, ఆయన సహచరులు అట్టి కథలకు మార్కులు వేయు పద్ధతి ఏర్పరచిరి. పనిని మునుపటికంటె మేలుగా చేయవలెనను తపన యొక పద్దు, పదుగురిపై ప్రభావము కోరుట వేరొక పద్దు, ఆత్మీయత మరియొకటి.

ఈ విద్య మన కాకినాడకును వచ్చినది. 1964లో అచ్చటి వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు కొందరు హైదరాబాదులోని శిక్షణ సంస్థకు పోయి, ఇంచుమించు పది దినములు కథలు వ్రాసి, వానికి తామే మార్కులు వేయ నేర్చిరి. సంసారులు, వ్యాపారులు పిల్లలవలె బొమ్మలు చూచి కథలల్లుట తలచుకొన్న మాకు ముచ్చట గొల్పును. శిక్షణ లేని రాజమండ్రిని పోలికకై తీసికొనిరి. శిక్షణ పొందినవారే కొత్త వ్యాపారములకు, పెట్టుబడులకు హెచ్చుగా పూనుకొనిరని మెక్లెలండ్, డేవిడ్ వింటర్ 1969 నాటి గ్రంథమున వ్రాసిరి.

అయితే అచ్చట పెంపొందింపజూచినది పనితపన, కీర్తికాంక్ష కాదు. 1973లో వింటర్ అధికారకాంక్షపై వ్రాసిన గ్రంథమున, లోకము తన్నెట్లు తలచునో యను చింతను గూడ ఆ కాంక్షలో చేర్చెను.

మాకొక సంశయము. ఆ బొమ్మలలో నొకదాన బల్లయొద్ద ఒక మనుష్యుడు, ఎదుట కుటుంబపు ఛాయాచిత్రము ఉండును. తెలుగు గృహస్థుడు దానిని చూచి, "కూతురి పెండ్లి ఊరంతయు చెప్పుకొనునట్లు చేయవలెనని యోచించుచున్నాడు" అని వ్రాసినచో మార్కు ఏ పద్దున పడవలెను? వాత్సల్యముననా, ప్రతిష్ఠలోనా? మన యిండ్లలో పెద్దలు ఆ రెంటిని వేరు చేసి మాటలాడగా మేము వినియుండలేదు.