పట్టాలో లేని కూరాకు

భూమి చరిత్ర రాయడానికి పహాణీలున్నాయి, శిస్తు లెక్కలున్నాయి. ఎవరి పేరున ఎన్నెకరాలు, అందులో వరి వేశారా జొన్న వేశారా అన్నది వాటిలో దొరుకుతుంది. ఆ చేలో కలుపు తీసిన స్త్రీ సాయంత్రం కొంగులో మూటగట్టుకుని తెచ్చుకున్న కూరాకు మాత్రం ఏ రికార్డుకీ ఎక్కలేదు. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట పల్లెలతో సహా తెలంగాణ మెట్ట ప్రాంతపు తిండి చరిత్రలో పెద్ద ఖాళీ ఇదే.

ఈ నేల మీద ఏడాదికి తిండితో కట్టిన లెక్క ఒకటుంది. మృగశిర కార్తెకి చేపలు. తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండి. వానలు పడ్డాక చేలల్లో తనంతట తాను మొలిచే తుమ్మి, గునుగు, గంగవాయిలి. వినాయక చవితికి తుమ్మికూర వండాల్సిందే. లేతగా ఉన్నప్పుడు కూరయిన గునుగే ముదిరి పూసి బతుకమ్మలోకి చేరుతుంది. ఆ పండుగ రోజుల పేర్లలో కూడా తిండే ఉంది: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు, సద్దులు. ఆ రోజుల్లోనే సీతాఫలాలు వస్తాయి. చలికాలంలో అనపకాయలు, సంక్రాంతికి కొత్త బియ్యం, నువ్వులతో సకినాలు, ఎండలు ముదిరేటప్పుడు చింతచిగురు, అంబలి. ఏది ఎప్పుడు లేతగా ఉంటుందో, దేన్ని ఉడికించి నీళ్ళు వంపాలో తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అందిన చదువు ఇది.

దీన్నంతా తీపి జ్ఞాపకంగా చెప్పుకుంటే మళ్ళీ అబద్ధమే అవుతుంది. గింజలు నిండుకున్న నెలల్లో కడుపు నింపింది ఈ ఆకులే. రోజంతా నడుం వంచి కలుపు తీసిన చేతులే ఇంటికొచ్చి వాటిని ఏరి, కడిగి, వండాయి. ఎవరి చేలోకి ఎవరు అడుగుపెట్టవచ్చో కులం నిర్ణయించింది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం ఎందరో తల్లుల భయాన్ని తగ్గించింది; దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్ళకి లేదు. అయితే జొన్నచేను తగ్గినకొద్దీ అందులో మొలిచే కూర కూడా తగ్గింది. కలుపు మందుకి తుమ్మికి, గడ్డికి తేడా తెలియదు.

ఆ తర్వాత పొలమే పోయింది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకి పేరుపడిన ఈ ప్రాంతంలోకి జీనోమ్ వ్యాలీ వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి. 2016లో మేడ్చల్ పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. 1894 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని భూమి మీద హక్కున్నవాళ్ళకే ఇచ్చింది. 2013 చట్టం కూలీలను కూడా బాధితులుగా గుర్తించింది కానీ, ప్లాట్ల కోసం నేరుగా అమ్ముడైన చేను విషయంలో కూలీ వెళ్ళి అడిగే చోటే లేదు. మన రాష్ట్రంలో 1985 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా వచ్చింది. పంచుకోవడానికి అసలు భూమే లేని ఇంటి కూతురికి ఆ చట్టం ఏమిచ్చింది? ఆమెకున్న ఆస్తి గట్టు మీద నడిచే వెసులుబాటు ఒక్కటే. ప్రహరీ గోడ లేచిన రోజున అది పోయింది. ఎవరూ దాన్ని నష్టం కింద రాయలేదు.

పడమటన జహీరాబాద్ ప్రాంతంలో కథ వేరుగా నడిచింది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత స్త్రీల సంఘాలు బీడు భూముల్ని సాగులోకి తెచ్చాయి, విత్తనాన్ని తమ చేతుల్లో పెట్టుకున్నాయి, విత్తకుండా మొలిచే ఆకుకూరల్ని కూడా పంటేనని వాదించాయి. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ కూర నిలబడడానికి కారణం ఆ స్త్రీలకి ఆకుల గురించి ఎక్కువ తెలియడం కాదు, నేల మీద వాళ్ళ మాట చెల్లడం.

2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం. కాలాన్ని బట్టి తినమని డాక్టర్లు, పత్రికలు మనకి సలహా ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ కాలాన్ని ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్న స్త్రీలకి చేలోకి దారి లేకుండా చేసి, వాళ్ళ తిండిని మాత్రం మనం కొనుక్కోవడంలో న్యాయమెక్కడుంది? 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో సాయుధ పోరాటపు స్త్రీల మాటల్ని చరిత్రగా నిలబెట్టింది. కలుపు తీసిన స్త్రీల మాటల్ని కూడా అలాగే కూర్చుని వినాలి. ఏ ఆకు ఏ కార్తెలో అని మాత్రమే కాదు, ఏ చేలో, ఎవరి చేలో, ఏ సంవత్సరం దాకా అని కూడా అడగాలి.