రెండు పురుగులు, ఒక చిన్న పాకెట్

నేను పుట్టింది 1997లో, వరంగల్ దగ్గర ఒక పల్లెలో. ఆ సీజన్లో జిల్లాలో పత్తి పోయి, చాలామంది రైతులు పురుగుల మందే తాగి చనిపోయారు. అప్పుడు చేలు తిన్నవాటిలో ఒకటి శనగపచ్చ పురుగు.

దానికి శనగ, కంది, టమాటా, పత్తి ఏదైనా ఒకటే. ఒక కాయ తిని ఇంకో కాయకి పోతుంది. మందులకి అలవాటు పడ్డ మొండి ఘటం.

గులాబీరంగు పురుగు కథ వేరు. 1843లోనే మన దేశపు పత్తి మీద దొరికినవాటిని చూసి శాండర్స్ అనే ఆయన దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇది దాదాపు పత్తి మీదే బతుకుతుంది. పిల్లగా వున్నప్పుడే కాయలో దూరుతుంది, కన్నం పూడిపోతుంది. కాయ పగలగొడితే గానీ తెలీదు.

2002లో బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చాయి. రెండు పురుగులూ తగ్గాయి. వీటిలో ఏది ముందు బీటీని తట్టుకుంటుందంటే నేను శనగపచ్చ అనే చెప్పేవాణ్ణి. కానీ 2010లో గుజరాత్‌లో బయటపడింది గులాబీ పురుగు. 2015 నాటికి అక్కడ బీజీ-2 కూడా దానిమీద పనిచెయ్యలేదు. తర్వాత మన వైపూ అదే కథ.

ఎందుకంటే శనగపచ్చకి కంది, శనగ చేలు వున్నాయి. అక్కడ బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్నవాటితో కలిసి ఆ గుణాన్ని పలచన చేస్తాయి. గులాబీ పురుగుకి వేరే ఇల్లు లేదు. అంతా బీటీయే అయితే మిగిలేవి తట్టుకున్నవే, పిల్లల్ని కనేవీ అవే.

అందుకే బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల పాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ వెయ్యమని. మా ఇంట్లో ఆ పాకెట్‌తో నేను ఆడుకున్నాను. "పురుగు తినేటందుకు నేనెందుకు పంట పెట్టాలె?" అనేవాడు నాయిన. ఆయన్ని తప్పుపట్టలేను. లాభం ఊరందరిదీ, నష్టం ఆయనొక్కడిదీ. ఎందుకు వెయ్యాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళూ లేరు.

అమెరికాలో బీటీతో పాటు గొడ్డు చేసిన పురుగుల్ని వదలడం లాంటివన్నీ కలిపి చేసి, 2018లో పత్తి పండే ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ప్రకటించారు. అక్కడ అందరూ కలిసి చేశారు.

మొన్న దసరాకి వెళితే నాయిన కాయ పగలగొట్టి చూపించాడు. లోపల గులాబీ రంగు. "డిసెంబర్‌కల్లా పత్తి కట్టె తీసేసి దున్నెయ్యి నాయినా, పురుగు వచ్చే యేటికి మిగలదు" అన్నాను.

"నేను తీస్త. ఊరంతా తీస్తదా?" అన్నాడు.