జేబు కింద దాగిన నీలం

కెనడాలోని వాన్ నగరంలో ఫిబ్రవరి శనివారం. బూట్లకంటిన మంచు దులుపుకుని సెకండ్ హ్యాండ్ బట్టల షాపులోకి రండి. సబ్బు వాసనా, పాత బీరువా వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. అందరూ గౌన్ల వైపు మళ్లుతుంటే మన గుంటూరు ఆవిడ తిన్నగా మగవాళ్ల చొక్కాల దగ్గరికి నడుస్తుంది. డబుల్ ఎక్సెల్ సైజులే తీస్తుంది.

“పెద్ద చొక్కా వీపులో ఉన్నంత గుడ్డ ఏ గౌనులోనూ దొరకదండీ.”

కాలరు, మోచేతులు అరిగినా పట్టించుకోదు, అవెలాగూ కత్తెరకు పోయేవే. వీపును మాత్రం లైటు కేసి ఎత్తి పట్టుకుంటుంది. ఎక్కడైనా వెలుతురు పల్చగా దిగిందా, ఆ చొక్కా మళ్లీ హ్యాంగరుకే. పాలియెస్టర్ కలిసిన వాటిని వేలి కొసలతోనే కనిపెట్టేస్తుంది. చివరికి మూడు నిలిచాయి: రెండు నీలం, ఒకటి తెలుపు మీద సన్న గీతలు.

కొత్త గుడ్డ కావాలంటే, 2017 డిసెంబరులో వాన్ దాకా వచ్చిన సబ్‌వే ఎక్కి టొరంటో క్వీన్ స్ట్రీట్ షాపులకు పోవచ్చు. కానీ ఎన్నోసార్లు ఉతుకులు తిన్న కాటన్ ఇక పొట్టి కాదు, పిల్ల ఒంటికి గుచ్చుకోదు. నేనైతే ఆవిడ పక్షమే.

ఇక ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగండి. ఫర్నేస్ రొద. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు టేబుల్ మీద పరిచి ఉన్నాయి. పక్క కుట్లు ఫ్యాక్టరీలో రెండు వరసలు వేసినవి. వాటిని విప్పుతూ కూర్చోవడం దండగ, కుట్టు పక్కనే కత్తిరించేస్తుంది. జేబు మాత్రం ఓపిగ్గా, సగం బ్లేడుతో, ఒక్కో పోగూ తెంపుతూ విప్పుతుంది. జేబు ఊడి వస్తుంది. దగ్గరికి వంగి చూడండి: దాని కింద ఎండ తగలని చదరం, కొన్ననాటి చిక్కటి నీలం. చుట్టూ వెలిసిన నీలం. ఈ మచ్చ ఉతికితే పోదు. ఆవిడ ఆ ముక్కను తిరగేసి, రెండు వైపులా నేత ఒకేలా ఉందని చూసి, లోపలి వైపును పైకి పెడుతుంది. అయినా ఆ నీడ కాస్త కనిపిస్తోంది. సరే, ఆ ముక్క లైనింగ్‌కి.

ఈ పని కెనడాకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బట్ట కొరత వచ్చినప్పుడు, ‘చాటెలైన్’ పత్రిక సంపాదకురాలు బైర్న్ హోప్ శాండర్స్ ప్రభుత్వ ధరల నియంత్రణ బోర్డులో వినియోగదారుల విభాగాన్ని నడిపారు. మగవాళ్ల పాత సూట్లు విప్పి ఆడవాళ్లకూ పిల్లలకూ కుట్టుకోమని ఆ బోర్డు ఊరూరా ప్రచారం చేసింది.

ఎనిమిదేళ్ల కూతురికి ఉగాది గౌను ఇది. వీపు ముక్కల మీద టైలర్ చాక్‌తో కళీలు గీస్తుంది, ఒకటి నిటారుగా, పక్కది తలకిందులుగా. గుడ్డ వృథా పోదు. కింద అంచుకు తన అమ్మ కట్టిన మంగళగిరి చీర. కుచ్చిళ్ల దగ్గర చిరిగింది కానీ, నిజాం బోర్డర్ చెక్కుచెదరలేదు. పాత పట్టుచీరైతే మడతల దగ్గర చీలి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చింది వెనక పట్టీ. చొక్కా ముందు భాగాన్ని గుండీలతో, కాజాలతో సహా గౌను వీపుకు పెట్టేసింది. కొత్త కాజాలు కుట్టే పని లేదు, జిప్పు కొనే ఖర్చు లేదు.

మిషన్ ఆగుతుంది. పిల్ల కచ్చా కుట్లతోనే తొడుక్కుని గిరగిరా తిరుగుతుంది.

“అమ్మా, గుండీలు వెనకున్నాయేంటి?”

“నువ్వు పెట్టుకోలేవు కదా, నేను పెడతాలే. కదలకు, చంక దగ్గర పట్టేస్తోంది.”

చాక్‌తో గుర్తు పెట్టి, అర అంగుళం వదులు చేసి, మళ్లీ మిషన్ దగ్గర కూర్చుంటుంది.

మీరు కుట్టినా, కుట్టించినా, పక్కల అంగుళం, కింద మడతలో రెండంగుళాలు గుడ్డ వదలండి. పిల్లలు ఏడాది తిరిగేసరికి పొడుగవుతారు.