నల్లగొర్రెలవారు గొల్లకొండకు వచ్చిన కథ

మొన్న మా క్లాసులో ఒక పిల్లవాడు లేచి, "సార్, మంగోలులు, మొగలులు, కుతుబ్ షాహీలు అందరూ ఒక్కటేనా?" అని అడిగాడు. వాడిని తప్పు పట్టలేం. మన ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట దాటితే ఏడు గుంబజులు వస్తాయి. రోజూ ఆ దారిన పోయే పెద్దలకైనా ఈ సంగతి తెలుసా?

చెంగిజ్ ఖాన్ ముసల్మాను కాడు. 1219లో అతని ఫౌజులు మధ్య ఆసియా మీద పడ్డాయి. 1221లో కొండల నడుమనున్న బామియాన్ నాశనమైంది. అతని మనవడు హులాగూ 1256లో ఎల్బుర్జ్ కొండల్లోని అలమూత్ ఖిల్లాను లొంగదీశాడు. 1258లో బగ్దాదును కొల్లగొట్టి ఖలీఫానే చంపించాడు.

ఇవి పుస్తకాల్లో ఉన్నవే. కొండజనం బతుకు ఏమైందో మాత్రం ఎవరూ చెప్పరు. వాన్ సరస్సుకు ఉత్తరాన ఆలాదాగ్ కొండల మీద హులాగూ ఎండాకాలపు మకాం పెట్టుకున్నాడు. మంగోలు గుర్రాలకు మేత కావాలి కదా! అర్మేనియన్లు, కుర్దులు ఉండే ఆ ఎత్తు ప్రాంతాలు మేతభూములయ్యాయి. ఈ కల్లోలంలోనే తుర్కమాన్ తెగలు ఎన్నో మందలు తోలుకొని పడమటికి జరిగాయి. వాటిలో ఒకటి వాన్ సరస్సు చుట్టూ నిలదొక్కుకుంది. దాని పేరు కారా కొయున్లు, అంటే నల్లగొర్రెలవారు. మొదట మంగోలు వంశపు జలాయిరీల కింద ఉండి, తర్వాత వాళ్ళనే తోసేసి తబ్రీజు ఏలారు. 1467లో తెల్లగొర్రెలవారి (ఆక్ కొయున్లు) చేతిలో ఓడిపోయారు.

ఆ ఓడిన వంశంలోని కుర్రవాడే హమదానులో పుట్టిన సుల్తాన్ కులీ. అక్కడ ప్రాణానికి భరోసా లేక దక్కనుకు వచ్చి, బహమనీల కొలువులో చేరి, తెలంగాణకు సుబేదారయ్యాడు. గోల్కొండలో 1518 నాటి జామా మసీదు ఆయన కట్టించిందే. గొల్లకొండ అన్నదే గోల్కొండ అయిందంటారు. నల్లగొర్రెలవారి బిడ్డకు గొల్లల కొండే దొరికింది చూడండి! ఆయన కొడుకు ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించి, వాళ్ళ నోట మల్కిభరాముడయ్యాడు.

మొగలుల సంగతి వేరు. బాబరు తల్లి వైపు నుంచి చెంగిజ్ వంశంవాడు. ఆ బాబరు వంశీకుడైన ఔరంగజేబే 1687లో గోల్కొండను పట్టుకున్నాడు. చివరి పాదుషా తానీషాను దౌలతాబాదు ఖిల్లాలో ఖైదు చేశారు. ఆయన సమాధి ఖుల్దాబాదులో ఉంది. మన గుంబజుల్లో వెదికితే కనబడదు.