మూత్రాశయపు రాచపుండు: మందుల పుట్టుపూర్వోత్తరములు

ఒకవైపు రైలుపట్టాలును, వేఱొకవైపు ఇండస్ట్రియల్ ఎస్టేటును, నడుమ ఐ.టి.ఐ., పాలిటెక్నిక్కు విద్యాలయములును నెలకొనియున్న విశాఖపట్నపు కంచరపాలెము, ఇనుమును నూనెను నమ్ముకొని బ్రదుకువారికి చిరకాలముగా నివాసమైయున్నది. పనివారి పేటలకు చుట్టపొగ క్రొత్త కాదు. నిప్పున్న కొనను నోటిలోనికి త్రిప్పి పీల్చు అడ్డపొగ ఉత్తరకోస్తా స్త్రీలలో మిక్కిలి ప్రబలియుండెను; దానివలన అంగిట రాచపుండు పుట్టుచున్నదని డి. గోవిందరెడ్డి, వి.కె. రావు గార్లు 1957లో వ్రాసిరి. అంగిటి పుండు కంటికి కనబడును. అదే పొగలోని విషము రక్తములో కలిసి, మూత్రపిండములచే వడగట్టబడి, మూత్రాశయములో గంటలకొలది నిలిచి చేయు కీడు మాత్రము, నొప్పియైనను లేక ఒకనాడు మూత్రము ఎఱ్ఱబాఱువఱకును మఱుగుననే యుండును.

పొగాకు ఒక్కటియే కారణము కాదు. ఫ్రాంక్‌ఫర్టు నగరములో లుడ్విగ్ రేన్ అను శస్త్రవైద్యుడు రంగుల కర్మాగారపు పనివారికి ఈ వ్యాధి సోకుట గమనించి లోకమునకు తెలిపినది 1895లో. ఆ సంవత్సరముననే భీమవరములో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. ఆయన లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై యుండగా అచట రూపొందిన మెథోట్రెక్సేటు, పిదప మఱి మూడు మందులతో కూడి, 1985లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన మూత్రాశయ చికిత్స పేరులో మొదటి అక్షరమై నిలిచినది. ముదిరిన వ్యాధికి ఏండ్లతరబడి అదియే ప్రధానాధారము.

సుబ్బారావుగారు దివంగతులైన 1948లోనే మన మదనపల్లెలో క్షయనివారణకై బి.సి.జి. టీకాలు వేయుట ఆరంభమయ్యెను; భారతదేశమున ఆ టీకా తొలుత ప్రవేశించిన స్థలము ఆరోగ్యవరపు శానిటోరియము గల ఆ సీమయే. కాల్మెట్, గెరెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పశువుల క్షయక్రిమిని 13 ఏండ్లపాటు 230 మాఱులు పెంచి పెంచి సాధువుగా చేసిన ఆ క్రిమియే, 1976లో కెనడా వైద్యుడు ఆల్వరో మొరాలెస్ చేతిలో క్యాన్సరు మందైనది. ఆయన దానిని 9 మంది రోగుల మూత్రాశయములోనికి గొట్టముద్వారా వారమున కొకసారి చొప్పున ఆఱు వారములు ఎక్కించి, పుండు మరల పుట్టుట తగ్గినదని చూపెను. దేహపు రక్షకభటులను రెచ్చగొట్టి పుండుమీదికి పంపు ఈ విధానమే మూత్రాశయమున ఇమ్యునోథెరపీకి ఆది. అయితే అది పైపొరను అంటిన పుండ్లకే గాని, కండరమును దాటి దూరము ప్రాకినవానికి పనికిరాలేదు.

ఆ లోపమును పూరించినది ఆలిసన్, హోంజో అను శాస్త్రజ్ఞుల కృషి. రక్షకకణముల చేతులు కట్టివేయు సంకేతములను వేర్వేఱుగా పరిశీలించినందులకు వారికి 2018లో నోబెల్ బహుమతి లభించెను. ఆ కట్లు విప్పు మందులలో పెంబ్రొలిజుమాబ్, అదివఱకే కీమోథెరపీ పొందిన 542 మందిపై జరిగిన పరీక్షలో, మధ్యస్థ జీవితకాలమును 7.4 నెలలనుండి 10.3 నెలలకు పెంచినది. 2023లో ప్రకటితమైన మఱొక పరీక్షలో, 886 మందిలో ఇంచుమించు సగముమందికి తొలి చికిత్సగా దానితో ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్ అను మందును చేర్చగా, కీమోథెరపీ పొందిన తక్కినవారి 16.1 నెలలకు మాఱుగా 31.5 నెలలు దక్కినవి. నలువది సంవత్సరములలో ఈ వ్యాధి ఇంతటి మార్పు చూడలేదు.

కాని ఈ సంఖ్యలు ఎవరివి? మూత్రాశయమునకు అస్తరువంటి యూరోథీలియల్ కణములనుండి పుట్టిన పుండ్లే నూటికి 90 వఱకు ఉండును గనుక ఈ పరీక్షలలో చేరినవారు ముఖ్యముగా ఆ తెగవారే. తక్కినవానిలో పొలుసువంటి స్క్వేమస్ పుండు గలదు. నత్తలద్వారా వచ్చు బిల్హార్జియా వ్యాధి ప్రబలినంత కాలము ఈజిప్టులో అదియే అధికము. మైక్రోపాపిల్లరీ, ప్లాస్మసైటాయిడ్, సార్కొమటాయిడ్, న్యూరోఎండోక్రైన్ అను తెగలును కలవు. ఇట్టి రోగులు అరుదగుటచే వారి సంగతి పెద్ద పరీక్షలనుండి గాక, ఆసుపత్రుల పాత దస్త్రములను కూర్చి చూచిన చిన్న పరిశీలనలనుండి తెలియవచ్చినది. వానినిబట్టి, యూరోథీలియల్ పుండులో స్క్వేమస్ అంశము కలిసియున్నవారు ఇమ్యునోథెరపీకి ఇంచుమించు తక్కినవారివలెనే లొంగుచున్నారు. న్యూరోఎండోక్రైన్ తెగవారికి ఫలము తక్కువ. ఎన్‌ఫోర్టుమాబ్ వెదకిపట్టు నెక్టిన్-4 అను గుర్తు సార్కొమటాయిడ్ కణములపై మిక్కిలి స్వల్పము, న్యూరోఎండోక్రైన్ కణములపై దాదాపు శూన్యము. ఒకే అవయవమున పుట్టినంత మాత్రమున అన్ని పుండ్లును ఒకటియని తలచుట ఎంతటి పొరపాటో దీనివలన విశదమగుచున్నది.

ధర మాట వేఱుగా చెప్పనక్కఱలేదు; కూలివాని సంపాదన ఈ మందులకు చాలదు. తల, మెడ క్యాన్సర్లలో పెంబ్రొలిజుమాబ్ వంటిదే యగు నివోలుమాబును 20 మిల్లీగ్రాముల స్వల్పమోతాదులో ఇచ్చినను మేలు కలదని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు చూపిరి. మూత్రాశయమునకు అది వర్తించునని మాత్రము దానినుండి చెప్పరాదు.

కంచరపాలెమునుండి ఎన్.ఏ.డి. కూడలి దాటి గాజువాక మీదుగా పోయినచో అగనంపూడిలో ఆ టాటా సంస్థవారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. ఇటు 1923నుండి ఆంధ్ర వైద్యకళాశాల నగరములోనే యున్నది. పాఠకులారా, నొప్పి లేదని ఎఱ్ఱని మూత్రమును ఉపేక్షింపకుడు. పరీక్ష చేయించినవారు బయాప్సీ బ్లాకును, స్లైడును భద్రపఱుచుకొనుడు. పుండు ఏ తెగదో కాగితముపై వ్రాయించుకొనక మందు మొదలుపెట్టకుడు.